నియమావళియు నిఘంటువును

సూర్యరాయాంధ్ర నిఘంటువును తిరుగవేయువారికి మొదట ఆశ్చర్యమును, పిదప ఒక వెలితియు తోచుట సహజము. ఆశ్చర్యమునకు కారణము దాని ప్రయోగసంపద. కావ్యములనుండియు పురాణములనుండియు ఏరి కూర్చిన యుదాహరణములు పుటపుటను కనబడుచుండును. ఒక్కొక్క యర్థమును కవిప్రయోగముతో నిలువబెట్టు పద్ధతి తెలుగున అంతకుమున్ను ఇంత విస్తారముగ లేదు. వెలితికి కారణము వేఱు. పొలమునను, మగ్గము కడను, సంతలోను నిత్యము వినబడు మాట యైనను, దానికి గ్రంథసాక్ష్యము లేకున్నచో ఈ నిఘంటువునకు బయటనే నిలిచినది.

దీనికి సాధారణముగ చెప్పబడు కారణ మొక్కటే. ప్రధానసంపాదకులైన జయంతి రామయ్య పంతులుగారు గ్రాంథికవాదులు. కావున వారి నిఘంటువు గ్రాంథిక నిఘంటు వయ్యెనని చెప్పుదురు. ఈ సమాధానము అసత్యము కాదు గాని అసంపూర్ణము. ఒకరి యభిప్రాయము ఒక సంఘముయొక్క అభిప్రాయముగా మాఱి, ఆ సంఘము చేయు పరిశోధనకే ఎల్లగా ఏర్పడుట యెట్లు? సభ్యులు చందాలిచ్చి, లాభాపేక్ష లేక నడపుకొను సంఘములో క్రొత్తసంగతి యే ద్వారమున లోపలికి వచ్చును? వచ్చినదానిని కాదనుట కెవరికి అధికారము కలదు? కాదన్న కారణ మెక్కడనైనను వ్రాయబడునా? నిఘంటువునందలి వెలితికి మూలమును వ్యక్తుల స్వభావముకంటె ఈ ప్రశ్నలయందే వెదకవలసియున్నది.

ఆంధ్ర సాహిత్య పరిషత్తు 1911లో చెన్నపట్టణమున స్థాపింపబడెను. మఱుసటి సంవత్సరమునుండి దాని పత్రిక వెలువడెను. తరువాత పరిషత్తు కాకినాడకు తరలెను. అది పుట్టిన దినములు పాఠశాలలలో తెలుగు వ్యాసరచన యే భాషలో నుండవలెనను వాదము ముదిరిన దినములు. ఒకవైపు గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారును, గురుజాడ అప్పారావుగారును. వేఱొకవైపు రామయ్య పంతులుగారును, వేదము వేంకటరాయ శాస్త్రిగారును. పరిషత్తు ఈ వాదమునకు దూరముగ పుట్టలేదు. వాదము నడుమ పుట్టి, తొలినాళ్లలోనే యొక పక్షమునకు బలముగ నిలిచెను. తెలుగుభాష యెట్లున్నదో పరిశోధింపబూనిన సంఘము, అది యెట్లుండవలెనో ముందుగనే నిశ్చయించుకొనినదన్నమాట. న్యాయస్థానమున తీర్పు వ్రాసికొని పిమ్మట సాక్షులను పిలుచుట వంటిదే యిది; ఐతే సాక్షులు వచ్చిరి, కావలసినవారే వచ్చిరి, కనుక తీర్పు తప్పని యెవరికిని తోచలేదు.

ఇట్టి సంఘములు నేర్చుకొను విధము కొంత విచిత్రమైనది. వర్తకుడు తప్పుచేసినచో నష్టమువలన తెలిసికొనును. దొరతనమువారు తప్పుచేసినచో అర్జీలవలన తెలిసికొందురు. సభ్యసంఘమున కీ రెండు చెవులును లేవు. దాని ప్రచురణములు అమ్ముడుపోకున్నను పోషకుని ధనముతో ఆ యేడు గడచును. పద్ధతి నచ్చని సభ్యుడు అర్జీ వ్రాయడు. మెల్లగ చందా కట్టుట మానును. మానినవాని మాట కార్యనిర్వాహకవర్గమువారి కెన్నడును వినబడదు. మిగిలినవారు తమలో తాము ఏకీభవింతురు. ఏటేట ఐకమత్యము హెచ్చుచున్నట్లు నివేదికలలో వ్రాసికొందురు గాని, హెచ్చినది ఐకమత్యము కాదు, తగ్గినది వినికిడి. కావున ఇట్టి సంఘమునకు మిగిలిన చెవి యొక్కటియే: క్రొత్త సాక్ష్యమును స్వీకరించుటకు అది యేర్పఱచుకొనిన నియమము. ఆ నియమము వెడల్పైనచో సంఘము తన కిష్టము లేనిదానిని గూడ నేర్చుకొనును; ఇఱుకైనచో తా నెఱిగినదానినే మఱల మఱల నేర్చుకొనును.

పరిషత్తు చేసిన రెండు పనులను ప్రక్కప్రక్కన పెట్టి చూచిన ఈ భేదము చక్కగ తెలియును. మొదటిది తాళపత్రగ్రంథముల సేకరణము. ఈ పనిలో పరిషత్తును మించిన స్వచ్ఛందసంఘము తెలుగునాట అరుదు. ఊళ్లలో అటుకలమీద చెదలు తినుచున్న తాటాకుపుస్తకములను తెప్పించి, పోల్చి, కొన్నిటిని పత్రికాముఖమున ప్రచురించి, పేరు మాత్రమే వినబడు గ్రంథములను వెలుగులోనికి తెచ్చెను. ఈ సేకరణము నేడు కాకినాడలో ప్రభుత్వ పురావస్తుశాలగా నిలిచియున్నది. ఇక్కడ ముందుగ చేసికొనిన నిశ్చయ మేదియు లేదు. తాటాకు వచ్చిన పిమ్మటనే అందేమున్నదో చూచుట. చూచిన పిమ్మటనే దాని విలువ కట్టుట. చిన్నకవి గ్రంథమా, పెద్దకవి గ్రంథమా, సలక్షణమా కాదా యని గుమ్మమునొద్ద ప్రశ్నించుట లేదు. అందుచేత పరిషత్తు తా నెఱుగని కవులను ఎఱిగెను; ఎఱుగని శాస్త్రములను చూచెను.

రెండవది నిఘంటువు. ఇక్కడ గుమ్మమునొద్ద కావలివాడు నిలిచియున్నాడు. ప్రతిపదమును తన వెంట ఒక గ్రంథమును తోడుతెచ్చుకొనవలెను. ఒక కాపు తన నాగటిలోని యొక భాగమునకు తాతతండ్రులనాటినుండి చెప్పు పేరు ఏ గ్రంథమునను లేకున్నచో, ఆ పేరు తెలుగు కాదని యెవరును అనరు. కాని తెలుగు నిఘంటువున దానికి చోటు లేదు. కవి యొక్కసారి ఛందస్సుకొఱకు వాడి విడిచిన రూపమునకు చోటున్నది. లక్షలజనులు దినదినము వాడు రూపమునకు లేదు. ఇట్టి పదములను చేర్చవచ్చునను ఊహ ఆ కాలమునకు అందనిదని చెప్పుటకు వీలులేదు. 1852లోనే బ్రౌనుదొర తన నిఘంటువున కావ్యపదములతోపాటు కచ్చేరీలలోను బజారులలోను వినబడు మాటలను గూడ ఎక్కించియుండెను. ఆయన కొక సంఘము లేదు, సభ్యులు లేరు, తీర్మానములు లేవు. జీతము పుచ్చుకొను పండితులు మాత్రముండిరి. అర్ధశతాబ్దమునకు పిమ్మట, అంతకు ఎన్నో రెట్లు పాండిత్యముతో, అనేకులు కూడి నడపిన సంఘము ఆ యొక్కని యెఱుకకంటె ఈ విషయమున వెనుకబడుట ఆలోచింపదగినది. పలువురు కూడినచోట ఎఱుక తనంతట పెరుగునని తలచుట పొరబాటు. ఎవరు కూడిరి, కూడినవారిలో ఎవరిమాట చెల్లినది యన్నదానిపై నది యాధారపడియుండును.

పోషకుని స్వభావమే దీనికి కారణమనుటకును వీలులేదు. నిఘంటువునకు అపారముగ వ్యయముచేసిన పిఠాపురము మహారాజు రావు వేంకటకుమార మహీపతి సూర్యరావుగారు సంఘసంస్కరణమున మిక్కిలి ముందడుగు వేసినవారు; రఘుపతి వేంకటరత్నము నాయుడుగారి శిష్యులు; బ్రహ్మసమాజమునకు ఆశ్రయమిచ్చినవారు; అనాథశరణాలయమును నెలకొల్పినవారు. ఆచారవిషయమున ఇంత ఉదారుడైన ప్రభువు ధనముతో వెలసిన నిఘంటువు భాషావిషయమున ఇంత ఇఱుకుగ నుండుటను స్వభావముతో సమర్థింపలేము. ధనమిచ్చినవారును పనిచేసినవారును ఒకే త్రోవను నడచిరి. వారి నడుమ నిలిచి అడ్డుచెప్పు మూడవచేయి లేకపోయెను. ధనమిచ్చువారు పండితులను నమ్మిరి. పండితులు తమ సంప్రదాయమును నమ్మిరి. సభ్యులు ఇరువురను నమ్మిరి. నమ్మకము గొప్పగుణమే. పరిశోధనమునకు మాత్రము అది చాలదు.

ఇట్టి మహాకార్యమునే తలపెట్టిన మఱియొక సంఘముతో పోల్చిచూచిన ఈ మూడవచేతి విలువ స్పష్టపడును. లండనునగరమున 1842లో ఏర్పడిన ఫైలలాజికల్ సొసైటీ యను భాషాశాస్త్రసంఘము 1857లో, నిఘంటువులకెక్కని ఇంగ్లీషుపదములను సేకరించుటకు ఒక ఉపసంఘమును నియమించెను. ఆ యేడు ట్రెంచి అను క్రైస్తవాచార్యుడు అక్కడ చదివిన యుపన్యాసములలో ఒక సిద్ధాంతమును నిలిపెను: నిఘంటుకర్త భాషకు చరిత్రకారుడు గాని, గుణదోషములు తూచు విమర్శకుడు గాడని. పుట్టుకలోని భేదము ఇక్కడనే యున్నది. ఒక సంఘము తా నెఱుగనిది వెదకుటకు నిఘంటువును తలపెట్టెను. రెండవది తా నెఱిగినది నిలుపుటకు. 1879లో ముర్రే సంపాదకుడైన పిమ్మట చదువరుల నందఱిని ఉద్దేశించి ప్రకటన వెలువడెను. సభ్యులు కానివారును, పట్టములు లేనివారును పుస్తకములు చదివి, పదమును, అది వచ్చిన వాక్యమును, గ్రంథము పేరును, కాలమును చీటీలమీద వ్రాసి పంపిరి. ఎక్కువచీటీలు పంపినవారిలో ఒకడు పిచ్చాసుపత్రిలో బందీగానున్న అమెరికా వైద్యుడు. చీటీ పంపినవా డెవడని గుమ్మమునొద్ద నడుగలేదు. చీటీలో నేమున్నదని మాత్రమే చూచిరి.

ఐనను అక్కడ అంతయు సాఫీగ జరుగలేదు. ధనము ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయ ముద్రణాలయమువారిది. 1883లో ఆ ముద్రణాలయపు ప్రతినిధులు, జౌయెట్ పండితుని నాయకత్వమున, సంపాదకునకు కొన్ని సూచనలు పంపిరి: వార్తాపత్రికలనుండి ఉదాహరణములు తీయరాదని, శాస్త్రపదములను తగ్గింపవలెనని. ధనమిచ్చువారి నోట ఇట్టి సూచన వచ్చుట వింత కాదు; గౌరవమైన గ్రంథమున గౌరవమైన మాటలే యుండవలెనని ప్రపంచమున నెల్లెడల ధనికులు కోరుదురు. ముర్రే లొంగలేదు, పని విడుతునని బెదరించెను. భాషాశాస్త్రసంఘమునందలి మిత్రులు నడుమ నిలిచిరి. పద్ధతి నిలిచినది. సంఘ మొకచోట, ధన మొకచోట, కలము మఱియొకచోట నుండుటచేతనే ఈ పోరాటము సాధ్యమయ్యెను. మూడును ఒకచేతిలో నున్న పిఠాపురమున ఇట్టి పోరాటమునకు తావే లేదు. అందుచే పని ప్రశాంతముగ జరిగినది. ముర్రే నియమములును దోషరహితములు కావు. అపెండిసైటిస్ అను రోగనామము కేవల వైద్యపరిభాష యని ఆయన విడువగా, 1902లో ఏడవ ఎడ్వర్డు రాజునకు ఆ ప్రదేశమునందలి వ్యాధిచే పట్టాభిషేకము వాయిదాపడినప్పుడు దేశమంతయు ఆ మాటనే పలికినది, నిఘంటువున మాత్రము లేదు. తప్పు అందఱును చేయుదురు. అది బయటపడు త్రోవ యుండుటయే విశేషము.

ఇంగ్లండు దూరమనుకొనువారికి వంగదేశము సమీపమే. 1894లో ఆ పేరు దాల్చిన వంగీయ సాహిత్య పరిషత్తు గూడ సంస్కృతపండితులతో నిండినదే. అచ్చటను వాడుకభాషపై వివాదము రేగినది. కాని రవీంద్రనాథ ఠాకూరుగారు వాడుక వంగభాషయందలి ధ్వన్యనుకరణపదములను గూర్చియు, కృత్తద్ధితములను గూర్చియు చేసిన పరిశీలనలకు ఆ పరిషత్తు వేదికయే ఆధారమయ్యెను. పండితులు ప్రతివాదమును అక్కడనే చేసిరి. హరప్రసాద శాస్త్రిగారు 1907లో నేపాళమున కనుగొనిన చర్యాపదములను 1916లో ప్రకటించినదియు ఆ పరిషత్తే. వాదమును గుమ్మముబయట నుంచక లోపలికి రానిచ్చిన సంఘము వాదముచేత చెడలేదు.

తెలుగున వాదము లోపల సాగలేదు. వాది బయటికి నడచెను. 1919లో రాజమహేంద్రవరమున వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజము వేఱుగ నేర్పడెను. కందుకూరి వీరేశలింగము పంతులుగారు అధ్యక్షులు. ఆ సంవత్సరమే వారు దివంగతులైరి. రామమూర్తి పంతులుగారు నడపిన 'తెలుగు' పత్రిక యొక్క యేడు మాత్రము నడచినది. ఈ చీలికవలన నష్టపడినది ఒక పక్షము కాదు. తాటాకులును, చీటీలును, ధనమును, పండితులును ఒకచోట మిగిలిరి. చెవితో విని వ్రాసికొను విద్య వేఱొకచోటికి పోయినది. ఆ విద్యను రామమూర్తి పంతులుగారు ఏ సాహిత్యసంఘమునను నేర్వలేదు. పర్లాకిమిడిలో సవరలతో మెలగి, లిపి లేని వారి భాషను విన్నది విన్నట్లు వ్రాసికొని, 1931లో సవర వ్యాకరణగ్రంథమును, 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువును వెలువరించిరి. లిపిలేని భాషలోని పదములు సాక్ష్యముగ స్వీకరింపబడి గ్రంథమెక్కిన కాలముననే, లిపియు వాఙ్మయమును గల తెలుగులోని వాడుకపదములు గుమ్మమున నిలిచియుండెను. ఒక సంఘము తన సభ్యుడు కాదగినవానిని పోగొట్టుకొనినప్పుడు ఎంత పోగొట్టుకొనినదో ఏ నివేదికలోను లెక్కకు రాదు.

1924లో పరిషత్తు వ్యావహారికముపై నిషేధమును తొలగించెను. ఇది చిన్నసంగతి కాదు. సభ్యసంఘములు తమ మొదటి మాటను వెనుకకు తీసికొనుట అరుదు. ఐనను ఆ తొలగింపు ఎంతదూరము పాఱినదో చూడవలెను. నిఘంటువుయొక్క మొదటి సంపుటము 1936లో, అనగా పండ్రెండేండ్లకు పిమ్మట, వెలువడెను. అందు పాతనియమమే పాలించుచున్నది. సభలో మాఱినది నిఘంటుశాలలో మాఱలేదు. ఏలయనగా సభకు ఒక నియమమును, నిఘంటువునకు మఱియొక యంత్రాంగమును ఏర్పడియున్నవి. తొలినాళ్లనుండి కూర్చిన చీటీలు పాతనియమమునకు లోబడి కూర్చినవి. వానిని విడిచి క్రొత్తగ ఊరూర పదములు సేకరింపవలెనన్న కాలమును ధనమును రెట్టింపు కావలెను. అట్లు కోరు అధికారము సామాన్యసభ్యునకు లేదు. కోరవలెనను అక్కఱ సంపాదకవర్గమునకు లేదు. తీర్మానమువలన తలుపు తెఱవబడెను గాని, తలుపునకు వెనుక గోడ యప్పటికే లేచియున్నది.

పరిషత్తు పక్షమున చెప్పవలసినదియు కలదు. ఎల్లయొకటి లేకున్నచో ఏ నిఘంటువును ముగియదు. ఎల్ల యుండియే ఈ నిఘంటువు నాలుగవ సంపుటము వెలువడునప్పటికి 1944 వచ్చినది. తక్కినది ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి కాలమున పూర్తియైనది. వాడుకపదములను గూడ తలకెత్తుకొనియున్నచో మొదటి సంపుటమైనను రాకుండెడిదేమో. మఱియు గ్రంథసాక్ష్యము కావలెనను నియమము మూఢనియమము కాదు. ఊహలను, కల్పితార్థములను తొలగించిన నియమ మదియే. నిందింపవలసినది ఎల్లను గీయుట కాదు. ఎల్లకావలనున్నది భాషయే కాదన్నట్లు దానిని లెక్కయైనను వేయకుండుట. చేర్పని పదముల చీటీలను గూడ ఒక పెట్టెలో భద్రపఱచి, ఈ పదములు సాక్ష్యము లేమిచే నిలిపితిమని వ్రాసియుంచినచో, తరువాతివారు ఆ పెట్టెనుండి ప్రారంభించియుందురు.

తరువాతివారు ఆ పెట్టె లేకయే ప్రారంభింపవలసివచ్చెను. 1957లో ఏర్పడిన సాహిత్య అకాడమి పక్షమున భద్రిరాజు కృష్ణమూర్తిగారు మాండలిక వృత్తిపదకోశమునకు పూనుకొని, జిల్లాజిల్లాలకు పోయి రైతులను ప్రశ్నించి, వ్యవసాయపదముల సంపుటమును 1962లోను, చేనేతపదముల సంపుటమును 1971లోను వెలువరించిరి. కాపు చెప్పిన నాగటిభాగముల పేర్లు ఇక్కడ గౌరవముతో గ్రంథమెక్కినవి. దీనినిబట్టి ప్రభుత్వసంస్థయే మేలని తీర్మానించుట తొందరపాటు. ఆ యకాడమి సభ్యుల చందాలతో నిలిచినది కాదు. 1983లో ప్రభుత్వనిర్ణయముతో రద్దయ్యెను. 1901లో హైదరాబాదున కొందఱు మిత్రులు నెలకొల్పిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము సభ్యుల యాదరముచేతనే నిజాము పాలనను దాటి నిలిచినది. సభ్యసంఘమునకు దీర్ఘాయువు కలదు. దానికి కావలసినది ఆ యాయువులో మాఱగల శక్తి.

మాఱుట శాసనరీత్యా గూడ సులభము కాదు. 1860 నాటి సంఘముల నమోదు చట్టము ప్రకారము, సంఘముయొక్క ఉద్దేశమును మార్చుటకు ప్రత్యేకసమావేశమున ఐదింట మూడుపాళ్ల సమ్మతి కావలెను; ఒక నెల గడచిన పిమ్మట రెండవ సమావేశమున అంతటి సమ్మతియే మఱల కావలెను. ఆస్తులను కాపాడుటకు ఇట్టి బిగువు అవసరమే. కాని శాస్త్రచర్చలో నొక యభిప్రాయమును ఉద్దేశముల పట్టికలో చేర్చుకొనిన సంఘము, రేపు సాక్ష్యము మాఱినచో తన కన్నులను తెఱచుటకు రెండుమాఱులు ఓటు వేయవలసివచ్చును. భాషాపరిశోధనము అని వ్రాసికొనినచో చాలును. ఏ భాష గెలువవలెనో వ్రాసికొనుట యెందులకు? ఇంక ఉపసంఘమున భిన్నాభిప్రాయుడైన పండితుని ఒకని నుంచుటయు, త్రోసివేసిన వ్యాసమునకు కారణమును పత్రికలో రెండు పంక్తులైనను ప్రకటించుటయు వ్యయము లేని పనులు. వీనికి చట్టము అడ్డుకాదు; అభిమానమే అడ్డు.

విచిత్రమైన సంగతి యింకొకటి కలదు. పరిషత్తు తెప్పించిన తాటాకులవంటి ప్రాచీన ప్రతులందలి టీకలలోను వ్యాఖ్యానములలోను, లేఖకులు తమకు సహజమైన వాడుకరూపములను వ్రాయుచుండిరి. రామయ్య పంతులుగారే శాసనములను ప్రీతితో పరిశీలించి, వానిలోని పద్యములను 'శాసనపద్యమంజరి' యను పేర కూర్చినవారు. ఆ పద్యముల ప్రక్కననే శాసనములలో దానములను, పొలిమేరలను, పన్నులను చెప్పు వచనమున్నది. రామమూర్తి పంతులుగారు తమ వాదమునకు ఆధారములుగ చూపినవి ఇట్టి శాసనవచనములును, ఇట్టి వ్యాఖ్యానములునే. గ్రంథసాక్ష్యము కోరిన నిఘంటువునకు గ్రంథసాక్ష్యమే తన భాండాగారమున సిద్ధముగనున్నది; ఒక గది తాళపుచెవి రెండవ గదిలోనివారికి అందలేదు. కాకినాడలోని ప్రతులందలి వచనవ్యాఖ్యానములను నిఘంటు సంపుటములతో పదమునకు పదము పోల్చి, చేరనివానిని వేఱొక పట్టికగ వ్రాయుట ఒక యువపరిశోధకునకు రెండు మూడు సంవత్సరముల పని.